జంటదోనెల ఓడ: కట్టడము, నడక

1964వ సంవత్సరమున డేవిడ్ లూయిస్ అను వైద్యుడు తన భార్యను, ఇద్దరు పసికూతుండ్రను వెంటబెట్టుకొని 40 అడుగుల నావలో భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆ నావ పేరు రేహు మోవానా. మావోరీ భాషలో సముద్రపు తుంపర అని దాని యర్థము. అది అతని కొరకు ప్రత్యేకముగ కట్టబడినది. ఒక దోనె గాక రెండు దోనెలు కలది. అట్టి నావలయందు ఆ కాలపు సముద్రయాత్రికులలో ననేకులకు నమ్మిక లేకుండెను. ఏలయన, దాని అడుగున సీసపు బరువు లేదు; ఒకమారు తలక్రిందులైనచో అది తనంత తాను లేవజాలదు. అయినను 1967లో ఆ కుటుంబము క్షేమముగ తిరిగివచ్చెను. జంటదోనెల ఓడ భూమిని చుట్టివచ్చుట అదియే మొదటిసారి. పసిబిడ్డలను అట్టి యోడనెక్కించిన తండ్రి వివేకియా, అవివేకియా? ఈ ప్రశ్నకు ఉత్తరము ఓడ కట్టడమునందే యున్నది గనుక, ఆ కట్టడమును, దానిని నడపు విధమును మేమిచ్చట కొంత వివరింపబూనితిమి.

ముందు పేరును గూర్చి ఒక మాట. ఇంగ్లీషువారు ఈ నావను కెటమరాన్ అందురు. ఆ పదము మన తూర్పుతీరమునుండి పోయినదే. తమిళమున కట్టుమరము అనగా కట్టిన మ్రాను. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ యాత్రాగ్రంథమునందే కోరమాండల్ తీరపు జాలరుల సాధనము ఈ పేరుతో వర్ణింపబడియున్నది. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో మనవారు దానిని తెప్ప యందురు. అయితే తెప్పకును మనము చెప్పుకొను ఓడకును పోలిక తక్కువ. తెప్ప దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్ళతో బిగించినది. అలలు దాని మీదుగనే పోవును. రెండు దోనెలను ఎడముగ నిలిపి, అడ్డదూలములతో కలిపిన ఓడ పసిఫిక్ సముద్రపు దీవులలోని పాలినీషియనులది. అట్టి యోడలలోనే వారు వేలకొలది మైళ్ళు పోయి హవాయి, న్యూజిలాండ్ మొదలగు దీవులలో నివాసము లేర్పరచుకొనిరి. మన తీరపు పేరును, వారి రూపమును పాశ్చాత్యుల చేతిలో ఒక్కటియైనవి.

పాశ్చాత్యులు ఈ రూపమును పలుమారులు చేపట్టి పలుమారులు విడిచిరి. 1876లో అమెరికాలోని నెతానియెల్ హెరెషాఫ్ అమరిల్లిస్ అను జంటనావను కట్టి న్యూయార్కు పందెములో తక్కిన నావలను వెనుకవేయగా, ఓడినవారు అది పడవయే కాదని ఆక్షేపించిరి. అట్టి నావలను పందెములకు రానీయకుండ చేసిరి. ఓడినవారి తర్కము ఎల్ల దేశములందు నొక్కటియే కాబోలు. తరువాత 1937-38లలో ఎరిక్ ద బిషప్ అను ఫ్రెంచివాడు హవాయిలో కట్టిన కైమిలోవా అను జంటనావలో గుడ్ హోప్ అగ్రమును చుట్టి ఫ్రాన్సు చేరెను. ఆ యాత్రవలన ప్రేరితుడైన జేమ్స్ వారమ్ అను ఇంగ్లీషు యువకుడు 23½ అడుగుల టాంగరోవాలో ఇద్దరు జర్మను యువతులతో 1955-56లలో అట్లాంటిక్ సముద్రమును దాటెను. అతడే ట్రినిడాడ్ దీవిలో 40 అడుగుల రోంగోను కట్టి, 1959లో న్యూయార్కునుండి ఐర్లండుకు వచ్చెను. రేహు మోవానాను గీసినవాడు కాలిన్ మ్యూడీ. కట్టినవారు ప్రౌట్ సోదరులు. ఈ సోదరులు 1952 ఒలింపిక్ క్రీడలలో చిన్న తెడ్డుపడవలను నడిపినవారు. అట్టి పడవలను రెండింటిని జతచేసి చూచిన పిమ్మటనే వారు ఈ వృత్తిలో దిగిరి.

ఇక కట్టడము. మామూలు సముద్రపు తెరచాపనావ అడుగున నిలువుగ ఒక రెక్క దిగియుండును. దానిలో సీసమో ఇనుమో పోసియుందురు. నావ బరువులో మూడవవంతు, ఒక్కొక్కచో అంతకెక్కువ, అచ్చటనే యుండును. కావున అది తంజావూరు బొమ్మవంటిది. ఎంత వంచినను తిరిగి నిలుచును. జంటదోనెల ఓడయో, నులకమంచమువంటిది. దానిని నిలుపునది బరువు కాదు, వెడల్పు. కాళ్ళు ఎడముగ నుండుటచే మంచము ఒరగదు. ఎవరైన ఒక ప్రక్క పట్టి ఎత్తి బోర్లించినచో, బోర్లపడి యంతే స్థిరముగ నుండును. ఈ రెండు ఉపమానములను పిల్లలు మనసున నుంచుకొన్నచో తక్కిన వ్యాసము సులభము.

బరువును మానుటవలని లాభము గొప్పది. అడుగున సీసము మోయని నావ తేలికగ నుండును. తేలికయగుటచే వేగముగ పోవును. ఓడకు రంధ్రము పడి నీరు నిండినను, కొయ్యతో గాని గాలిగదులతో గాని కట్టినదైనచో అది మునిగిపోదు. సీసపు రెక్క గల నావ అట్టిచో రాయివలె అడుగునకు పోవును. కావున ఒకదానికి తిరిగి లేచు గుణము, వేరొకదానికి మునుగని గుణము. రెండును ఒక్కచో దొరకుట యరుదు. యజమాని ఓడ కట్టించుటకు ముందే ఈ రెంటిలో నొకదానిని ఎన్నుకొనవలెను.

వెడల్పు ఎంతవరకు కాపాడునో లెక్కించి చూతము. ఉన్నత తరగతుల విద్యార్థులకు తులాదండ సూత్రము తెలిసియే యున్నది. ఉదాహరణమునకు, సామానుతో కూడ 5 టన్నుల బరువుగల ఓడ యొకటి కలదనుకొందము. రెండు దోనెల నడుమరేఖలకు దూరము 14 అడుగులు. గాలి ప్రక్కనుండి త్రోయగా, గాలి వచ్చు వైపు దోనె నీటినుండి లేచు క్షణమున ఓడ బరువంతయు ఆవలి దోనెపై నిలుచును. అప్పుడు ఓడను తిరిగి పడవేయు బలము 5 టన్నులు, దాని భుజము 14లో సగము, అనగా 7 అడుగులు, గుణించిన 35. చాపలపై గాలి త్రోపునకు నడిమిచోటు, నీటిలోని ఎదురుత్రోపు నడిమిచోటికి 25 అడుగుల ఎత్తున నున్నచో, దోనెను లేపుటకు కావలసిన గాలిత్రోపు 35ను 25తో భాగింపగా 1.4 టన్నులు, అనగా 3,136 పౌనులు. చాపల వైశాల్యము 600 చదరపు అడుగులు. గంటకు 16 సముద్రపు మైళ్ళ గాలి చదరపు అడుగునకు సుమారు 1 పౌను త్రోపునిచ్చును. గాలివేగము రెట్టింపైన త్రోపు నాలుగురెట్లగును గదా. ఆ చొప్పున చూడగా, ఈ యోడ దోనె 36, 37 మైళ్ళ గాలికి నీటినుండి లేచును.

ఇచ్చటనే జాగ్రత్తగ గమనింపవలసిన సంగతి కలదు. 26 మైళ్ళ గాలిలో త్రోపు ఆ హద్దులో సగము మాత్రమే. నావికుడు నిశ్చింతగ నుండును. ఓడ ఒరగదు, బల్లమీది గిన్నెలోని చారు తొణకదు. కాని గాలి ఎల్లప్పుడు నొక్కతీరుగ వీచదు. 26 మైళ్ళ గాలిలో ఒక విసురు 36 మైళ్ళకు పెరుగుట వింత కాదు; ఆ ఒక్క విసురుతో త్రోపు రెట్టింపై హద్దును తాకును. రెక్క గల నావయైనచో ఇంతలో మిక్కిలి ఒరగి, చాపలమీది గాలి జారిపోయి, లోపలివారందరు గోడలను పట్టుకొని, చాప తగ్గింపుమని ఓడయే కేకవేసినట్లుండును. జంటదోనెల ఓడ అట్లు చెప్పదు. పది డిగ్రీల చుట్టుప్రక్కల ఒరిగినప్పుడే దాని ఆపుబలము కొనముట్టును. అటుపై తగ్గుచు పోవును. కావున నావికుడు ఓడ ఒరగుటను చూచి గాక, గాలివేగమును కొలిచి, ఏ వేగమున ఏ చాపను ఎంత మడువవలెనో ముందే వ్రాసియుంచుకొనవలెను. ఆ వ్రాతను మగతలోనున్న రాత్రి కావలివాడు సయితము పాటింపవలెను. సగటుగాలిని బట్టి కాదు, విసురును బట్టి మడువవలెను. గాలి విసరిన పిమ్మట మడుచుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే. మడుచుటలో లాభము ఎంతయో చూడుడు: చాపలో మూడవవంతు తగ్గించినచో వైశాల్యము 2/3 అగును, మిగిలిన చాప క్రిందికి దిగుటచే ఎత్తు 3/4 అగునేని, ఒరగద్రోయు బలము రెంటి లబ్ధమైన సగమునకు దిగును.

మరి ఈ ఓడ ఇంకను వెడల్పుగ నుండినచో మేలు కదా యని అడుగవచ్చును. వెడల్పు పెరిగినకొలది అడ్డదూలములపై విరుపు పెరుగును. దూలము లావైన బరువు పెరుగును. అదిగాక ప్రక్కకు పడుట తగ్గి, ముందునకు బోల్తాపడు భయము మిగులును. పొడవులో సగమునకు కొంచె మటునిటుగ వెడల్పుంచుట నిర్మాతలలో వాడుక. రేహు మోవానా వెడల్పు 17 అడుగులు.

దోనెలు సన్నముగ నుండవలెను. లావు దోనె నీటిని త్రోసి, ముందొక అల, వెనుకనొక అల లేపి, ఆ రెంటి నడుమ చిక్కుకొనును. నీటిమట్టమున 36 అడుగుల పొడవుగల మామూలు నావ గంటకు సుమారు 8 మైళ్ళు దాటుటకు కష్టపడుట ఇందువలననే. పొడవు వెడల్పునకు పదిరెట్లున్న దోనె నీటిని చీల్చుకొని పోవును. ఆ హద్దు దానికంతగ అంటదు. అయితే సన్నని దోనె బరువు నోపదు. రెండు దోనెలు ఒక్కొక్కటి నీటిమట్టమున 36 అడుగుల పొడవు, 3½ అడుగుల వెడల్పు గలవనుకొనుడు. కొనలు సన్నబడుటచే పదింట ఏడువంతులే లెక్కకు వచ్చును. మొత్తము 176 చదరపు అడుగులు. ఒక అంగుళము దిగుటకు ఇంచుమించు 15 ఘనపుటడుగుల ఉప్పునీరు తొలగవలెను. దాని బరువు సుమారు 940 పౌనులు. కుటుంబముతో దూరయాత్ర పోవువాడు మంచినీరు, బియ్యము, పనిముట్లు, గొలుసులు, గ్రంథములు అని ఒక టన్ను చేర్చినచో ఓడ రెండంగుళములకు పైగ దిగును. యజమాని తనకొరకు ప్రత్యేకముగ కట్టించుకొను ఓడలకు ఇదియే పెద్ద తెగులు. ఇంకొక అలమర, ఇంకొక మంచము, ఇంకొక నీళ్ళతొట్టి అనుచు చేర్పించును, వడ్రంగి కాదనడు. చివరకు గీసినవాడు కోరిన తేలికతనము కాగితముమీదనే యుండిపోవును. వేగమెట్లున్నను, అటుపైన చెప్పబోవు కీడు మాత్రము తప్పదు.

దోనెలను కలుపు నడిమి బల్లతట్టు క్రింద అలలు పోవుటకు చోటుండవలెను. నలువది అడుగుల ఓడకు అది రెండు, రెండున్నర అడుగులకు తక్కువ కాకుండుట మంచిదని మా యభిప్రాయము. తక్కువైనచో ఎదురుగాలిలో ప్రతి అలయు క్రిందనుండి సమ్మెటవలె కొట్టును. ఆ చప్పుడునకు లోపలివారికి నిద్రపట్టదు. కొంతకాలమునకు బల్లల అతుకులును వదలును. ఓడపై బరువు పెంచినచో తగ్గునది ఈ చోటే. ఎత్తైన గదులు కోరి బల్లతట్టును క్రిందికి దింపినను ఇదే ఫలము. అందుకని నిలుచుటకు వీలైన గదులను దోనెలలోపలనే పెట్టి, నడుమ తట్టును మడతత్రోవగ విడుచువారు కలరు. వారమ్ ఓడలలో నడుమ నుండునది చాలవరకు పలకల వేదికయే. వాన వచ్చినచో తడియవలసినదే గాని అల కొట్టదు.

రెండు దోనెలను కలుపు విధమునందు నిర్మాతలకు ఏకాభిప్రాయము లేదు. అలమీద ఒక దోనె లేచునప్పుడు వేరొకటి దిగుచుండును, కలుపుచోట మెలిపడును. హెరెషాఫ్ తన అమరిల్లిస్‌లో దోనెలు వేర్వేరుగ ఊగునట్లు కీళ్ళను అమర్చెను. ప్రౌట్ సోదరులవంటివారు అంతయు నొక్కముద్దగ, మెలికి లొంగనట్లు కట్టిరి. వారమ్ మొదట మేకులు, బందులు వాడి, తరువాతి కాలమున అడ్డదూలములను దోనెలకు త్రాళ్ళతోనే బిగించుటకు మరలెను. 1992లో నీటదింపిన అతని 63 అడుగుల స్పిరిట్ ఆఫ్ గాయా సయితము త్రాళ్ళ కట్టుమీదనే భూమిని చుట్టివచ్చెను. త్రాడు కొంచెము సాగును, కొంచెము ఒదుగును. ఒక్క బిందువునందే విరుపు పడనీయదు. తెగబోవు త్రాడు ముందే పోగులు విడిచి కంటికి కనబడును. ఇనుపబందు తుప్పు లోపల దాచుకొని యొకనాడు తటాలున విరుగును. ఓడ పేరులోని కట్టు అను మాట ఇచ్చట నిజమైనది.

నడుపుటలో క్రొత్తవానికి మొదట కష్టమగునది గాలికి ఎదురుగ మలుపు తిరుగుట. బరువైన నావ తన వడితోనే మలుపు దాటును. తేలిక ఓడకు ఆ వడి నిలువదు. పైగ రెండు పొడవైన దోనెలు తిరుగుటకు ఒప్పుకొనవు. కావున ముందు బాగుగ వేగము పుట్టించి, చుక్కానిని ఒక్కపెట్టున గాక క్రమముగ త్రిప్పవలెను. చుక్కానిని అడ్డముగ పడవేసినచో అది త్రిప్పదు, ఆపును. ముందుచాపను వెంటనే మార్చక, గాలి దాని వెనుకనుండి పట్టి ముక్కును ఆవలికి త్రోయువరకు నిలుపవలెను. అయినను ఓడ నడుమ ఆగి వెనుకకు జారినచో కంగారు పడక చుక్కానిని ఎదురువైపు త్రిప్పిన చాలును. వెనుకకు పోవుచునే తిరుగును.

గాలి వెనుకనుండి వచ్చునప్పుడు ఈ యోడ మిక్కిలి హాయి. అటునిటు ఊగుట లేదు. ఆ హాయియే మోసకారి. ఓడ గాలితోపాటు పరుగెత్తుటచే గాలి తక్కువగ తోచును. ఏదో కారణమున ఆగి ప్రక్కకు తిరిగినపుడు నిజమైన గాలి మీదపడును. పెద్ద అల వీపుదిగి పరుగెత్తుచు ముక్కులు ఎదుటి అలలో గ్రుచ్చుకొన్నచో వెనుకభాగము లేచి తలక్రిందులగు ప్రమాదము కలదు. అందుచే తుపానులో వేగము తగ్గించుటయే రక్ష. రెండు దోనెల వెనుకలనుండి త్రాళ్ళు తీసి ఒక్కచోట ముడివేసి, ఆ ముడికి పొడవైన మోకును గాని గుడ్డ గరాటును గాని కట్టి నీటిలో ఈడ్చుచు పోవుదురు. వెడల్పు ఇచ్చట మేలు చేయును. త్రాళ్ళు రెండు కొనలనుండి వచ్చుటచే ఓడ ప్రక్కకు తిరుగదు. లంగరు వేయునప్పుడును ముందువైపు ఇదే విధము. ఇంత చేసినను బోల్తాపడినచో లోపలివారు బయటికి వచ్చుటకు పెక్కు ఓడలలో దోనె ప్రక్కనే చిన్న తలుపొకటి అమర్తురు. మునుగని ఓడ వీపున కూర్చుండి సహాయమునకు ఎదురుచూచుట మనుష్యునికి సాధ్యమే; గనుకనే ఆ తలుపు.

వేగమును గూర్చి అతిశయముగ చెప్పువారిని నమ్మరాదు. 1964లో లూయిస్ భూప్రదక్షిణమునకు ముందు అట్లాంటిక్ ఒంటరి పందెములో రేహు మోవానాను నడిపి 38 దినములలో దాటి ఏడవవాడయ్యెను. రెక్క గల నావలో మొదటివాడైన ఎరిక్ తాబార్లీకి పట్టినవి 27 దినములే. సంసారమునకు కావలసిన బరువు మోయు ఓడ పందెపు గుఱ్ఱము కాదు. లూయిస్ పిదప మెజెలాను జలసంధిగుండ పసిఫిక్ ప్రవేశించి, తహితినుండి న్యూజిలాండ్‌కు పోవునపుడు దిక్సూచిని, గడియారమును, కోణమాపకమును పక్కనబెట్టి, పూర్వపు పాలినీషియనులవలె నక్షత్రములను బట్టియే దారి తీసెను. బిడ్డలు అప్పుడును ఓడలోనే యున్నారు. చుక్కలను చూచుటకు తీరిక దొరకుట ఓడ ఒరగక నిలుచుటవలననే యని మాకు తోచుచున్నది.

రేవులో ఈ ఓడ రెండు నావల చోటు ఆక్రమించును. కొన్ని రేవులలో రెండు నావల సుంకము చెల్లింపవలసివచ్చును. తేలికయై, ఎత్తుగ నుండుటచే గాలి దానిని సులభముగ ప్రక్కకు ఈడ్చును. ఇప్పటి ఓడలలో దోనెకొక యంత్రముంచి, ఒకదానిని ముందునకు, ఒకదానిని వెనుకకు నడుపుదురు. బలయుగ్మము ఏర్పడి ఓడ నిలిచినచోటనే బొంగరమువలె తిరుగును. అటువంటి యంత్రములు లేనివారికి ఒడ్డే రేవు. లోతైన రెక్క లేదు గనుక రెండు మూడడుగుల నీటిలో ఇసుకవరకు పోయి, పాటు నీటికి నిటారుగ నేలపై కూర్చుండును. పోటు తిరిగి వచ్చులోపల అడుగున పట్టిన నాచును, గుల్లలను గీకి రంగు పూయవచ్చును. మన జాలరులు వేట ముగిసిన పిమ్మట తెప్పను ఒడ్డున కట్లు విప్పి దుంగలను ఎండబెట్టుట వాడుక. త్రాళ్ళతో కట్టిన జంటదోనెల ఓడనును అట్లే విప్పి, దోనెలను వేర్వేరుగ బండిమీద ఇంటికి తీసికొని పోవచ్చును.